అత్తయ్యగారి భుజం, పిండిమర షట్టరు

మా ఇంటి ముందుభాగంలో ఒక కారుషెడ్డు ఉంది. అందులో కారు ఎప్పుడూ లేదు. మా మావయ్యగారు ఇల్లు కట్టించినప్పుడు, ఎప్పటికైనా కొనకపోతామా అన్న ఆశతో రోడ్డు వైపు ఒక గది వేయించి దానికి చుట్టుకునే ఇనప షట్టరు బిగించారట. కారు వచ్చేలోపే అందులోకి పిండిమర వచ్చి కూర్చుంది. తీరా మా ఆయన ఉద్యోగంలో కుదురుకుని కారు కొన్నాక, దానికి చోటు లేక, గోడవారన గుడ్డ కప్పి ఎండకూ వానకూ వదిలేశాం. సామర్లకోట నుంచి పిఠాపురం వెళ్ళే దారిలో మా ఇంటి గుర్తు ఎవరినడిగినా పిండిమర ఇల్లు అనే చెబుతారు. కారు సంగతి ఎవరికీ పట్టదు.

నేను కోడలిగా వచ్చేనాటికే ఆ మర మా అత్తయ్యగారి రాజ్యం. మావయ్యగారు ఉన్నప్పుడు మోటారు, బెల్టు ఆయన చూసుకునేవారట. ఆయన పోయాక అవి కూడా ఆవిడే నేర్చుకున్నారు. నేను పక్క ఊరి బళ్ళో టీచర్ని. చెప్పిందే చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చే మనిషిని కాబట్టి నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అత్తయ్యగారు గొంతు పెంచగా నేను విన్నది చాలా తక్కువ. అత్తగారు కదా అని బలవంతాన తెచ్చుకున్న గౌరవం కాదు నాది. ఆవిడ పనిచేయడం చూసి చూసి దానంతట అది పుట్టింది.

పొద్దున్నే మర ముందు డబ్బాలు వరస కడతాయి. బియ్యం, శనగపప్పు, రాగులు, సున్నిపిండి సరుకులు, అన్నీ వస్తాయి. ఏ డబ్బా మీదా పేరు ఉండదు. మూత సొట్టపడ్డ స్టీలు డబ్బా ఎవరిదో, పాత పాలపొడి డబ్బా ఎవరిదో ఆవిడకు తెలుసు. ఎవరింట్లో పిండి మెత్తగా ఉండాలో, ఎవరింట్లో కాస్త బరకగా ఉంటేనే తింటారో తెలుసు. గొట్టం కింద అరచెయ్యి పెట్టి, పడుతున్న పిండిని బొటనవేలితో ఒకసారి రాసి చూసి, చక్రం ఒక పిసరు బిగించేవారు. అంతే, ఇక చూడక్కర్లేదు. కారం అన్నిటికన్నా చివర్న ఆడించేవారు. వేడిపిండి మీద మూత పెట్టనిచ్చేవారు కాదు. ఎంత తొందర ఉన్నవాళ్ళయినా పిండి చల్లారేదాకా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవలసిందే. చెమ్మపట్టి పురుగు పడితే తిట్లు తినేది నేను కదమ్మా అనేవారు. చేసే పని మీద అంత పట్టింపు ఉన్న మనిషిని నేను మా బడిలో కూడా చూడలేదు.

షట్టరు తెరిచేది మాత్రం ఆవిడొక్కరే. మర పెట్టిన రోజున మావయ్యగారు ఆవిడ చేతనే తెరిపించారట. ఆ రోజు వీధిలో ఆడవాళ్ళంతా డబ్బాలు పట్టుకుని వచ్చేశారట. అప్పటినుంచి ఆవిడది మంచి చెయ్యి అని ఖాయమైపోయింది. మా వైపు కొట్లవాళ్ళలో ఇది మామూలే. ఇంట్లో ఎవరి చెయ్యి మంచిదని తేలితే వాళ్ళే తలుపు తీయాలి, ఇంకొకరు తీస్తే ఆ రోజు బేరాలు ఉండవని నమ్మకం. నాకు ఇలాంటివాటి మీద గురి తక్కువ. అయినా తెల్లారకుండా లేచి షట్టరెత్తే పని నా నెత్తిన పడలేదు కాబట్టి ఆ నమ్మకాన్ని నేను కూడా గట్టిగానే బలపరిచాను. మా ఆయన నాకన్నా గట్టిగా బలపరిచారు. అందువల్ల జరిగిందేమిటంటే, ఆ షట్టరు ఎంత బరువుందో ఆవిడకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయింది.

రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో ఆవిడ పెరటి మెట్ల మీద జారి కుడి భుజం మీద పడ్డారు. ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యేదాకా మర మూతపడింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నారు, కానీ చెయ్యిని మాత్రం ఊరికే ఉంచకుండా కదుపుతూ ఉండమన్నారు. ఆవిడ గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను ఒకదాని వెనక ఒకటి గోడ మీద పాకిస్తూ చెయ్యిని పైకి తీసుకెళ్ళేవారు. పళ్ళు బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆపేవారు కాదు. ఎంతవరకు వెళ్ళిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టించుకునేవారు. ఆ సుద్దముక్కలు నా బడివే. గీతలు పైకి పోతున్నకొద్దీ మా ఇద్దరికీ హుషారుగా ఉండేది. కార్తీకం వెళ్ళాక మళ్ళీ మర తెరుస్తానన్నప్పుడు మా ఆయన వద్దన్నారు గానీ నేను ఆవిడ వైపే నిలబడ్డాను.

తెరిచారు. ఆ మొదటి రోజు నుంచే మనిషి మారిపోయారు. పొద్దున్న షట్టరు తీసి వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంటే, కాఫీ చల్లారిపోయేదాకా మాట ఉండేది కాదు. నొప్పిగా ఉందా అంటే లేదమ్మా అనేవారు. నొప్పి లేకపోవడమే ఆవిడ భయమని మాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. నొప్పి ఉంటే తగ్గుతుందని అనుకోవచ్చు. నొప్పి లేకుండా బలం పోయిందంటే ఇక రాదని అర్థం కదా అని ఆవిడ లెక్క. నెమ్మదిగా ఒక్కొక్క పనీ వదిలేశారు. ముందు నీళ్ళ బిందె వదిలారు. తరవాత అటక మీద సామాను తీయడం మానేశారు. మా అమ్మాయికి జడ వేయడం కూడా మానేశారు, చెయ్యి అంతసేపు పైకి నిలబడదేమోనని. ఏది అడిగినా ఈ చెయ్యి అయిపోయిందమ్మా అనేవారు. మేం కూడా పెద్దతనం అని సరిపెట్టుకున్నాం.

ఈ ఏడాది వేసవి వెళ్ళాక ఒక రోజు భోజనాల దగ్గర, మర ఎవరికైనా ఇచ్చేద్దామని ఆవిడే అన్నారు. మా ఆయన మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. పిఠాపురంలో ఒకాయన తన ఇంటి దగ్గర పెట్టుకోవడానికి మర కోసం చూస్తున్నారని తెలిసి కబురు పెట్టారు. ఆయన వచ్చారు, మరను ఆడించి చూశారు, ముచ్చటపడ్డారు. అడ్వాన్సు ఇవ్వబోతే అత్తయ్యగారు తీసుకోలేదు, నోటిమాట చాలన్నారు. వినాయక చవితి పిండివంటల హడావిడి అయిపోయాక బండి తెచ్చుకుని తీసుకెళ్ళమన్నారు. ఆ రోజు రాత్రి ఆవిడ అన్నం తినలేదు. ఆవిడ అన్నం మానేయడం నేను అంతకుముందు చూసింది మావయ్యగారు పోయినప్పుడే. నాకు ఎంత దిగులేసిందో చెప్పలేను. మర లేని అత్తయ్యగారు పొద్దున్నే లేచి ఏం చేస్తారు?

చవితి ఇంకా దూరంగా ఉండగానే, ఏదో మీటింగు ఉందని ఒక రోజు మధ్యాహ్నానికే బడి వదిలేశారు. స్కూటీ మీద మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. షట్టరు సగానికి దించి ఉంది. మా ఊళ్ళో సగం దించిన షట్టరుకు అర్థం ఒక్కటే. ఇంట్లో మనిషి పోతే గానీ, ఎదురుగా శవయాత్ర వెళుతుంటే గానీ ఎవరూ అలా దించరు. ఎదురుగా శవయాత్ర ఏమీ లేదు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పక్కింటి పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. లోపలికెళ్ళి అడగడానికి ఎవరికీ నోరు రాక, ఒకరిని చూసి ఒకరు ఖాయం చేసుకున్నారు. ఒక పెద్దాయన అప్పటికే పూలదండకు మనిషిని పంపేశారు. స్కూటీకి స్టాండు వేశానో లేదో కూడా తెలియలేదు, తరవాత చూస్తే కాలవ గట్టున పడి ఉంది.

పక్క గేటులోంచి పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు పీట మీద కూర్చుని దోసకాయ పప్పుతో అన్నం తింటున్నారు. బడి అప్పుడే అయిపోయిందేంటమ్మా అని అడిగారు. నా వెనకే ఏడుపు మొహంతో లోపలికి వచ్చిన పిన్నిగారు గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయారు. సంగతి తెలిశాక ముందు నవ్వింది అత్తయ్యగారే. దండ తెచ్చినవాడిని వెనక్కి పంపొద్దు, దేవుడి పటానికి వేద్దాం అన్నారు.

ముందు ఆ షట్టరు పైకెత్తాలి, లేకపోతే ఊరంతా వచ్చేస్తుంది. ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి లేవబోతుంటే మీరు తినండి, నేనెత్తుతాను అన్నాను. నువ్వొద్దమ్మా అని ఆవిడ అన్న తీరులో ఏదో కంగారు ఉంది. వినిపించుకోకుండా వెళ్ళి, కింది పట్టీ కింద రెండు చేతులూ పెట్టి తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. కాస్త పైకి వెళ్ళి, చెయ్యి వదలగానే జర్రున జారి ఇందాక ఆగిన చోటే ఆగింది. నిండు గ్యాసు బండను మెట్లెక్కించే మనిషిని నేను. నా భుజంలో ఏ ప్లేటూ లేదు. బయట ఉన్నవాళ్ళలో ఒకాయన వచ్చి ఒక చెయ్యి వేస్తే గానీ అది పైకి వెళ్ళలేదు. వెళ్ళినది నిలబడలేదు. ఇద్దరం దాన్ని మోస్తూ నిలబడితే, పిన్నిగారు నాలుక కరుచుకుని తన ఇంట్లోకి పరిగెత్తి మా రోకలి పట్టుకొచ్చారు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి పనులకు ముహూర్తం చూసి ఆ రోజే పసుపు కొట్టుకున్నారు. దానికి పొద్దున్న మా ఇంటి రోకలి అడిగి తీసుకెళ్ళారు. మర గదిలో షట్టరు అంచు జారే గాడి, అదే గైడు, దాని పక్కన ఆ రోకలి ఎప్పుడూ నిలబడి ఉండేది. అది షట్టరును మోస్తోందని అప్పటిదాకా మాలో ఎవరికీ తోచలేదు. అడిగినవాళ్ళకు లేదని చెప్పడం చేతకాక ఆవిడ ఇచ్చేశారు. దాని బదులు పెట్టిన చీపురుకర్ర మధ్యాహ్నానికి విరిగి, షట్టరు సగానికి జారింది.

జనం వెళ్ళిపోయాక ఆవిడను కూర్చోబెట్టి అడిగాను. మెల్లగా చెప్పారు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్న షట్టరును మోకాళ్ళ ఎత్తుకు ఎడమచేత్తో లాగి, దాని కిందికి వంగి దూరి, వీపు ఆనించి, కాళ్ళ బలంతో లేచి నిలబడి, రోకలి పోటు పెట్టేవారట. మేం లేవకముందే ఇదంతా అయిపోవాలని తొందరగా లేచేవారట. దించేటప్పుడు అదే వరస తిరగేసి. ఆపరేషన్ అయిన మనిషి, ఒక్కరోజు కూడా పైకి చెప్పుకోకుండా. అంత బరువెక్కిందని మాకెందుకు చెప్పలేదండీ అంటే, బరువెక్కడమేంటమ్మా, అది ఎప్పటి షట్టరే కదా, నేనే పూర్తిగా పైకి తొయ్యలేకపోతున్నాను, అందుకే నిలబడట్లేదు అన్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అత్తయ్యగారూ, మీ చేతికేం కాలేదండి. షట్టరే పాడైంది" అన్నాను.

"నన్ను ఓదార్చకమ్మా" అన్నారు ఆవిడ.

సాయంత్రం మా ఆయన వచ్చేదాకా నేను నిలవలేకపోయాను. గుమ్మంలోకి రాగానే, కాఫీ తరవాత, ముందు వెళ్ళి షట్టరు ఎత్తి రండి అన్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి దర్జాగా వెళ్ళి, నడుం పట్టుకుని వచ్చారు. ఫోను తీసి వీడియోలు పెట్టుకున్నారు. ఎక్కడో విదేశాల్లో కారుషెడ్డు తలుపులకు పైన బారుగా స్ప్రింగులు కనిపిస్తుంటే, ఒకతను చకచకా మార్చేసి నవ్వుతున్నాడు. ఇంతేనా, ఆదివారం నేనే మార్చేస్తానన్నారు. మన షట్టరులో స్ప్రింగులు ఎక్కడున్నాయో ముందు చూపించండి అన్నాను. పైకి కిందికి చూసి, కనబడట్లేదు అన్నారు. ఫోను లాక్కుని, సామర్లకోటలో షట్టర్ల పని చేసే అతనికి నేనే చేశాను.

రేపు పొద్దున్నే వచ్చేస్తానండి అన్న మనిషి ఆ వారం చివర్న వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి నోరు మూత పడలేదు. తను బిగించిన షట్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో యానాం దాకా వరసగా చెప్పాడు. వింటూ చాలాసేపు ఓపిక పట్టాను. పని మొదలుపెట్టాక మాత్రం మమ్మల్ని గది బయటికి పంపి, స్ప్రింగులో పట్టు ఏ కాస్త మిగిలి ఉన్నా రెంచి తిరగబడి మణికట్టు విరిచేస్తుందని చెప్పాడు. మా ఆయన ఆ మాటకు నా వైపు చూడలేదు.

షట్టరును పూర్తిగా పైకి చుట్టి, ఆ చుట్టను తాళ్ళతో కట్టి వేలాడదీసి, షట్టరు చుట్టుకునే గొట్టాన్ని పట్టి ఉంచిన బోల్టులు వదులు చేశాడు. పైపు రెంచితో మిగిలిన పట్టు కొంచెం కొంచెంగా వదిలించి, మమ్మల్ని లోపలికి పిలిచి, అందరం తలో చెయ్యి వేస్తే చుట్టంతా నేలకు దించాడు. ఆ గొట్టానికి అక్కడక్కడా గుండ్రటి ఇనప డబ్బాలున్నాయి. స్ప్రింగులు ఉండేది వాటిలో. చాప చుట్టినట్టు చుట్టిన ఉక్కు పట్టీలు. షట్టరు కిందికి లాగినప్పుడు అవి బిగుసుకుంటాయి, పైకెత్తేటప్పుడు విప్పుకుంటూ మన బదులు బరువు లాగుతాయి. అవి బాగుంటే షట్టరు బరువు మనకు తెలియదు. మొదటి డబ్బా మూత తీసి అతను ఇదేంటండీ బాబూ అన్నాడు. లోపలంతా ఎండిపోయిన చలిమిడి. ఉక్కు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి, కింద తుప్పు పట్టి ఉన్నాయి. రెండో దానిలో స్ప్రింగు ముక్కలైపోయింది. మిగిలినదానిలో కూడా జీవం లేదు.

ఆ చలిమిడి ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు. అత్తయ్యగారికి అర్థమైంది. ఏటా దసరాకు ఆయుధపూజలో మరకు బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, దీపంలో మిగిలిన నువ్వులనూనెను నిచ్చెనెక్కి ఆ డబ్బాల్లో పోసేవారు. పండగపూట అందరికీ తలంటు ఉంటుంది, ఇంతమందిని పోషిస్తున్న దానికి వద్దా అనేవారు. నిచ్చెన పట్టుకున్న మాకు ఆ మాట ఎంతో బాగుండేది. మర నడిచినంతసేపూ గాల్లో తేలే పిండి ఆ నూనెలో పడి పడి ముద్దకట్టింది. ఆవిడ మంచాన ఉన్న ఆ వానాకాలమంతా షట్టరు కదలక, చెమ్మ పీల్చుకుని అది గట్టిపడింది. భుజం, స్ప్రింగు ఒకే వానాకాలంలో దెబ్బతిన్నాయి. చూసే మాకు భుజం ఒక్కటే కనిపించింది.

అతను వంకాయ తొడిమ తీసినంత తేలిగ్గా ఆ ముద్దను గీకి పారేసి, డబ్బాలు కిరసనాయిలుతో కడిగి, కొత్త స్ప్రింగులు కూర్చాడు. గొట్టం పైకెక్కించి, రెంచితో కావలసినంత మెలితిప్పి బిగించాడు. సొట్టపడి షట్టరును సగంలో పట్టేస్తున్న గైడును కొట్టి సరిచేశాడు. షట్టరును నడుం ఎత్తున వదిలాడు, అక్కడే నిలబడింది. గుండెల ఎత్తున వదిలాడు, అక్కడా నిలబడింది. బాగున్న షట్టరుకు గుర్తు అదేనట. పిండి ఉన్న చోట నూనె చుక్క కూడా చూపించొద్దు, నెలకోసారి పొడిబ్రష్షుతో దులిపి, గైడుల్లో కిరసనాయిలు గుడ్డతో తుడవండి, డబ్బాలకు గ్రీజు పెట్టాల్సి వస్తే నన్ను పిలవండి అన్నాడు. ఆ దులిపే పని ఇప్పుడు నాది. గైడులు తుడిచేది అత్తయ్యగారు. దసరాకు ఆ డబ్బాలకు బొట్టు మాత్రం పెడతాం, తలంటు మానేశాం.

అప్పటికి వీధిలో ఒకరిద్దరు పోగయ్యారు. అతను షట్టరు దించి, ఎత్తి చూడండమ్మా అన్నాడు. ఆవిడ అలవాటుగా ఎడమచెయ్యి పెట్టి, వంగబోయారు. వంగొద్దండీ అత్తయ్యగారూ అన్నాను. ఎడమచెయ్యి తీసి, కాస్త ఆలోచించి, కుడిచెయ్యి పెట్టారు. రెండేళ్ళ బరువుకు సిద్ధపడి తోసినట్టున్నారు, షట్టరు ఒక్క ఊపున పైకి వెళ్ళి ధడేలుమని కొట్టుకుంది. ఆ చప్పుడుకు మేమంతా ఉలిక్కిపడ్డాం. ఆవిడ చెయ్యి ఇంకా పైనే ఉంది, తలకన్నా ఎత్తున, ఎక్కడా వణుకు లేకుండా. ఆవిడ మళ్ళీ దించారు, మళ్ళీ ఎత్తారు. తరవాత బియ్యం బస్తా మీద కూర్చుని, కుడి భుజాన్ని ఎడమచేత్తో నిమురుకుంటూ ఉండిపోయారు. ఆవిడ ఏడవడం నేను చూడకూడదనిపించి, షట్టరు అతనికి కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళాను. వెళ్ళి నేను కూడా ఏడ్చాను.

ఇక మిగిలింది పిఠాపురం ఆయనకు ఇచ్చిన మాట. ఒక ఫోను చేస్తే సరిపోతుందని మా ఆయన అన్నారు. ఎదురుగా నిలబడి ఇచ్చిన మాట ఎదురుగా నిలబడే వెనక్కి తీసుకోవాలి అన్నారు అత్తయ్యగారు. ఆవిడకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆడించిన పిండిలో దోసెడు తేడా వచ్చినా మళ్ళీ పిలిచి ఇచ్చే మనిషి. ఆదివారం పొద్దున్న మర కట్టేశాక నన్ను తోడు తీసుకుని బస్సెక్కారు. ఒప్పుకోకపోతే ఇచ్చేయక తప్పదమ్మా అని దిగేముందు అన్నారు. కొత్త స్ప్రింగులు వేయించుకున్నాక కూడా మర పోవచ్చన్న సంగతి నాకు అప్పుడు గానీ తట్టలేదు.

వాళ్ళ వాకిట్లో అప్పటికే మర కోసం సిమెంటు దిమ్మ కట్టించి ఉంది. దాని మీద కొత్తగా నీళ్ళు చల్లినట్టున్నారు, ఇంకా తడిగా ఉంది. దాన్ని చూడగానే నాకు ముందుకు అడుగు పడలేదు. అత్తయ్యగారు మాత్రం దాని పక్కనుంచే నడిచి వెళ్ళి, కుర్చీ వేస్తే కూర్చోకుండా, నిలబడే చెప్పారు.

"మీకు మాటిచ్చినప్పుడు నాకింక చేతకాదనుకున్నానండి. అది నిజం కాదని తేలింది. మర నేనే నడుపుకుంటాను. మీరు కాదంటే మాత్రం మాట మాటే, పట్టుకెళ్ళండి."

ఆయన మొహం చిన్నబోయింది. వాళ్ళావిడ ఇచ్చిన మజ్జిగ మేం తాగుతుంటే, షట్టరు సంగతంతా అడిగి తెలుసుకున్నారు. రోకలి దగ్గర నవ్వారు, చలిమిడి దగ్గర తల పట్టుకున్నారు. చివరికి, ఇవాళ బాగానే ఉందండి, రేపు నిజంగానే చేతకాకపోతే ఏం చేస్తారు అని అడిగారు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, పెద్దావిడ కదా అని అడిగారు.

"బరువనిపించిన రోజున ముందు షట్టరు చూపిస్తానండి. అది బాగానే ఉందంటే అప్పుడు మీకే కబురు చేస్తాను, ఇంకొకళ్ళకి ఇవ్వను" అన్నారు అత్తయ్యగారు.

ఆయన దిమ్మ వైపు చూసి, సరేనండి, అప్పటిదాకా దీని మీద మొక్కల కుండీలు పెట్టుకుంటాంలెండి అన్నారు.

"అయితే పెద్ద కుండీలే పెట్టుకోండి" అన్నారు మా అత్తయ్యగారు.